శనివారం, ఏబీసీడీల దారిలో అమ్మతో

ఇవాళ అమ్మా నేనూ హేస్టింగ్స్ వెళ్ళాం. ఎప్పుడూ నెబ్రాస్కాలోని లింకన్ నుంచి ఇంటర్‌స్టేట్ 80 హైవే ఎక్కేస్తాను కానీ ఆ దారిలో అమ్మకి చూడ్డానికి ట్రక్కులు తప్ప ఏముంటాయి, అందుకే ఈసారి క్రీట్ మీదుగా పాత రోడ్డు పట్టుకుని యూఎస్ 6 మీదకెళ్ళాను, రైలు పట్టాలని అంటిపెట్టుకుని పోతుందది.

అమ్మ ముప్పై ఏళ్ళు ఒకటో తరగతి టీచరు, బోర్డు కనిపిస్తే పైకి చదవకుండా ఉండలేదు. క్రీట్, డార్చెస్టర్, ఫ్రెండ్, ఎక్సెటర్, ఫేర్‌మాంట్, గ్రాఫ్టన్... గ్రాఫ్టన్ దాటగానే "ఏమే, సి, డి, ఇ, ఎఫ్, జి వరసగా వస్తున్నాయి చూశావా? మధ్యలో ఆ ఫ్రెండ్ ఒక్కటే తేడా" అంది. నేను చెబుదామని దాచుకున్న సంగతి ఆవిడే పట్టేసింది, ఎంత సంతోషమేసిందో!

1871లో బర్లింగ్టన్ అండ్ మిస్సోరీ రివర్ రైల్‌రోడ్ వాళ్ళు లింకన్ నుంచి పడమటికి లైను వేస్తుంటే దారిలో ఊళ్ళు దాదాపు లేవు, అంతా గడ్డి మైదానం. ఆవిరి ఇంజన్లకి నీళ్ళు పట్టాలి, రైతు గుర్రబ్బండిలో ధాన్యం తెచ్చి పొద్దుగూకేలోపు ఇంటికెళ్ళాలి, పైగా గవర్నమెంటు ఇచ్చిన భూమిని కంపెనీ అమ్ముకోవాలి, అందుకని కొన్ని మైళ్ళకొక స్టేషన్ అనుకుని చాలాచోట్ల మనుషులు రాకముందే అక్షరాల వరసలో పేర్లు పెట్టేశారు. హార్వర్డ్, ఇన్‌లాండ్, జునియాటా, కెనెసా, లోవెల్ దాకా అంతే. పానీ అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్ళు వేటాడిన నేల అది, వాళ్ళ భాషలోని పేరు ఒక్కటీ ఈ వరసలో లేదు, అది మాత్రం నాకు మనసులో ముల్లులా ఉంటుంది.

అమ్మ కాసేపు ఆలోచించి, మనకి ఊరు ముందు, స్టేషన్ తర్వాత కదే, ఇక్కడ తిరగేశారన్నమాట అంది. ఇంతలో సట్టన్ వచ్చింది. "మళ్ళీ ఎస్ ఎందుకొచ్చిందే?" అంటే చెప్పాను, అక్కడ రైలు రాకముందే 1870లో లూథర్ ఫ్రెంచ్ అనే ఆయన వచ్చి స్థిరపడ్డాడని. ఫ్రెండ్ కూడా అంతే, ఆ స్థలం సొంతదారు చార్లెస్ ఫ్రెండ్ ఇంటిపేరది. వరస తప్పిన చోటల్లా ఒక మనిషి ఉన్నాడు, నాకు ఈ దారి ఇష్టం అందుకే.

హేస్టింగ్స్ కూడా వరసలోది కాదు. 1872లో ఇంకో కంపెనీ లైను వచ్చి ఈ లైనుని అక్కడ కలిసింది, ఆ కూడలిలో పుట్టిన ఊరే పెద్దదైపోయి, పక్కనున్న జునియాటా నుంచి కౌంటీ సీటు, అంటే మన జిల్లా కేంద్రంలాంటి హోదా, కూడా తీసేసుకుంది.

వచ్చేటప్పుడు ఎక్సెటర్ దగ్గర కారాపాను. ధాన్యం నిలవచేసే తెల్లటి ఎత్తైన ఎలివేటర్, దాని పక్కనుంచి గూడ్స్ వెళ్తోంది, అమ్మ డబ్బాలు లెక్కపెడుతూ నూట పద్దెనిమిది దగ్గర తప్పిపోయింది, చేతిలో మురుకు అలాగే ఉంది.

రాత్రి భోజనాలయ్యాక చూస్తే మందుల చీటీ వెనక ఊళ్ళన్నీ తెలుగులో రాసుకుంది. కె, ఎల్ దగ్గర ఖాళీ వదిలింది. "చూడకుండా రాయను, వచ్చే శనివారం అటు పోదాం" అంటోంది.