మూడో మాత్ర

అప్పుడు మా పాపకు మూడేళ్లు. నాలుగు నెలలుగా బరువు 11 కిలోల దగ్గరే ఆగిపోయింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, దగ్గు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలయ్యేది. రెండు విడతలు యాంటీబయాటిక్స్ వాడాం. పుట్టగానే బీసీజీ వేయించాం కనుక క్షయ అన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ టీకా ప్రధానంగా మెదడు పొరలకు సోకే క్షయ, ఒళ్లంతా పాకే క్షయ వంటి తీవ్ర రూపాల నుంచి పిల్లలను కాపాడుతుందనీ, ఊపిరితిత్తుల క్షయకు అంత అడ్డు కాదనీ తర్వాత తెలిసింది.

తర్వాత మేం వెళ్లిన పిల్లల వైద్యురాలు ముందు పాప బరువులు రాసిన కార్డు అడిగి తీసుకున్నారు. దాన్ని చూస్తూనే, "ఇంట్లో పెద్దవాళ్లకు ఎవరికైనా దగ్గు ఉందా?" అన్నారు. లేదండీ అన్నాను. పక్కనే ఉన్న మా అత్తయ్య, "నీకుంది కదమ్మా, నెల దాటింది" అన్నారు.

నిజమే. పని ఒత్తిడి అనుకుని పట్టించుకోలేదు. రోజూ పాపను పక్కనే పడుకోబెట్టుకున్నాను.

నా కఫంలో క్షయ క్రిమి ఉందని మర్నాడే తేలింది. క్షయకు వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు అది లొంగుతుందని కూడా జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్షలోనే తెలిసింది. పాపకు అంత సులువుగా తేలలేదు. ఆ వయసు పిల్లలు కఫం ఉమ్మలేరు, మింగేస్తారు. అందుకే తెల్లవారుజామున, ఏమీ తినకముందే, ముక్కులోంచి సన్నని గొట్టం కడుపులోకి దించి నమూనా తీస్తారు. వరుసగా రెండు ఉదయాలు దాని చేతులు నేనే పట్టుకున్నాను. ఆ ఏడుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఫలితం నెగెటివ్. నేను ఊపిరి పీల్చుకున్నాను, డాక్టరుగారు మాత్రం ఒప్పుకోలేదు. "పిల్లల్లో క్రిములు చాలా తక్కువగా ఉంటాయమ్మా, దొరకనంత మాత్రాన లేవని కాదు" అన్నారు. ఆగని దగ్గు, పెరగని బరువు, ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మొదట్లో ఉబ్బిన గ్రంథులు, క్షయ సోకిందేమో చూడటానికి చేతి మీద వేసిన మాంటూ సూది దగ్గర 15 మిల్లీమీటర్ల గట్టిదనం, అన్నిటికీ తోడు ఇంట్లో నేను. ఇవన్నీ కలిపి చూసి మందులు మొదలుపెట్టారు. నెగెటివ్ అన్న ఆ కాగితాన్ని నమ్మి ఊరుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి కూడా నాకు ధైర్యం లేదు.

పిల్లల కోసం చేసిన మాత్రలు నీళ్లలో కరిగిపోతాయి. మోతాదు బరువును బట్టే. 8 నుంచి 11 కిలోల వరకు రోజుకు రెండు, 12 దాటితే మూడు. మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. రెండో వారానికి సాయంత్రం జ్వరం ఆగింది. ఆ తర్వాత ఆకలి వచ్చింది. అడిగి మరీ తినడం చూసి వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఏడో వారం తూకంలో ముల్లు 12 దాటింది. "ఇక రోజుకు మూడు" అన్నారు డాక్టరుగారు. మందు పెరిగినందుకు అంత సంతోషించిన తల్లిని ఆమె చూసి ఉండరు.

తీవ్రం కాని క్షయకు పిల్లల్లో నాలుగు నెలల చికిత్స చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. పాపకు అలాగే నాలుగు నెలల్లో ముగించారు, నాకు ఆరు. దాని మాత్రలు అయిపోయాక కూడా రోజూ పొద్దున్నే తన చిన్న గిన్నె తెచ్చి, నా మాత్రలు అందులో కరగవేమని అడిగేది.