అటక మీది చిన్న ట్యాంకు ఎందుకు పొంగుతోంది?

ఇంగ్లండులో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామందికి, అటక మీద ఒకటి కాదు, రెండు నీళ్ల ట్యాంకులు ఉన్నాయన్న సంగతి చూరు కింది పైపులోంచి గోడ మీదికి నీళ్లు కారడం మొదలైన తర్వాతే తెలుస్తుంది. మేముంటున్న రీడింగ్ పట్టణంలో 1960లలో కట్టిన ఇళ్లలో, ట్యాంకులేవీ లేకుండా వీధి నీళ్లను అప్పటికప్పుడు వేడిచేసే కాంబీ బాయిలర్‌కు మారనివాటిలో, ఈ పాత ఏర్పాటు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. కిందటి చలికాలంలో మా ఇంటి చిన్న ట్యాంకు పొంగడం మొదలుపెట్టింది. దాని కారణం పట్టుకోవడానికి చేసిన పరీక్షలు ఇటువంటి ఇళ్లలో ఉన్నవారికి పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు ఏర్పాటు ఏమిటో తెలియాలి. పెద్ద ట్యాంకులోని చన్నీళ్లు కిందనున్న రాగి సిలిండర్‌లోకి దిగి, అక్కడ వేడెక్కి, కుళాయిలకూ షవరుకూ వెళ్తాయి. చిన్న ట్యాంకులో పట్టేది ఓ బకెట్టున్నర నీళ్లు మాత్రమే. బాయిలర్‌లోనూ రేడియేటర్లలోనూ తిరిగే నీళ్లు తగ్గితే పూడ్చడం, అవి వేడెక్కి వ్యాకోచించినప్పుడు పైకి వచ్చే అదనపు నీళ్లకు చోటివ్వడం దాని పని. బాయిలర్ నీళ్లు సిలిండర్ లోపలి రాగి చుట్ట గుండా ప్రవహిస్తూ చుట్టూ ఉన్న కుళాయి నీళ్లను వేడిచేస్తాయి గానీ, ఈ రెండు నీళ్లూ ఎక్కడా కలవకూడదు. ప్రతి ట్యాంకుకూ విడిగా ఓవర్‌ఫ్లో పైపు ఉంటుంది కాబట్టి, పొంగుతున్నది ఏదో మూత తీసి చూసి తేల్చుకోవడమే మొదటి పని.

మనకు డాబా మీది ట్యాంకు పొంగితే ఎవరో మోటారు కట్టేయడం మరిచిపోయారని అర్థం. ఇక్కడ మోటారు లేదు. వీధి పైపులోంచి నీళ్లు ఎప్పుడూ ఒత్తిడితోనే నిలబడి ఉంటాయి, వాటిని ఆపేది తేలే బంతి ఉన్న బాల్ వాల్వు ఒక్కటే. అందుకే ఎక్కడ నీళ్లు కారినా అందరి అనుమానమూ దాని మీదికే పోతుంది, చాలాసార్లు అది నిజం కూడా. లోపలి రబ్బరు వాషరు అరిగిపోవడం, సున్నపు పొర పేరుకోవడం, ఇసుక రేణువు ఇరుక్కోవడం, ప్లాస్టిక్ బంతికి చీలిక పడి నీళ్లు చేరడం వంటివన్నీ జరుగుతాయి. బంతిని విప్పి ఊపి చూస్తే లోపల నీళ్లుంటే చప్పుడు తెలుస్తుంది. వీధిలో వాడకం తగ్గే రాత్రివేళ పైపుల్లో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, వాషరు బలహీనపడిన వాల్వు పగలు బాగానే ఉండి రాత్రి మాత్రమే కారడమూ ఉంది.

మా ఇంటికి మొదట వచ్చిన ప్లంబరు కూడా మూత తీసి చూసి, ఇంకే పరీక్షా చేయకుండా బాల్ వాల్వు మార్చి డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. నీళ్లు మాత్రం కారుతూనే ఉన్నాయి. అతను చేయని పరీక్షకు పైసా ఖర్చు లేదు. బాల్ వాల్వుకు ముందు పైపు మీద చిన్న ఐసొలేటింగ్ వాల్వు ఉంటుంది. దాని గాడి పైపుతో సమానంగా ఉంటే తెరిచినట్టు, స్క్రూడ్రైవర్‌తో పావు చుట్టు తిప్పి అడ్డంగా పెడితే మూసినట్టు. హీటింగ్ ఆపి, బాయిలర్ చల్లారాక, ఆ వాల్వు మూసేసి, ట్యాంకులోని నీళ్లను ఓవర్‌ఫ్లో రంధ్రానికి బాగా దిగువ వరకు మగ్గుతో తోడేసి, నీటి అంచు దగ్గర ట్యాంకు గోడ మీద పెన్సిల్ గీత పెట్టాలి. కొన్ని గంటల తర్వాత మట్టం గీత దగ్గరే ఉంటే తప్పు బాల్ వాల్వుది, లేదా మట్టం పెట్టిన ఎత్తుది.

ఈ ఎత్తు సంగతి చాలామందికి తట్టదు. చన్నీళ్లు బాగా వేడెక్కితే సుమారు మూడు శాతం వ్యాకోచిస్తాయి. బాయిలర్, రేడియేటర్లు కలిపి 100 లీటర్లు పట్టే ఇంట్లో ఇది దాదాపు 3 లీటర్లు. చల్లగా ఉన్నప్పుడే చిన్న ట్యాంకు నిండుగా ఉంటే, సాయంత్రం హీటింగ్ వేయగానే ఆ అదనపు నీళ్లు బయటికే పోతాయి, మళ్లీ చల్లారగానే బాల్ వాల్వు కొత్త నీళ్లు పోస్తుంది, మర్నాడు ఇదే తంతు. చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు అడుగున బెత్తెడు నీళ్లుంటే చాలు. వాల్వు చేతిని సర్దితే బంతి ఆ మట్టం దగ్గరే నీటిని ఆపుతుంది.

మా ఇంట్లో వాల్వు మూసి ఉన్నా, బాయిలర్ చల్లగా ఉన్నా, మట్టం గీత దాటి పైకి పాకుతూనే ఉంది. అంటే నీళ్లు పైనుంచి పడడం లేదు, కిందనుంచి వస్తున్నాయి. మరో ఆధారం కూడా కళ్లెదుటే ఉంది: రేడియేటర్ల నీళ్లతో సంబంధమున్న ట్యాంకులో నీళ్లు కాస్త మసకగా ఉండాలి, మావి మాత్రం కుళాయి నీళ్లంత తేటగా ఉన్నాయి. సిలిండర్ లోపలి రాగి చుట్టకు సూదిమొన అంత చిల్లు పడితే జరిగేది ఇదే. పెద్ద ట్యాంకులో నీటిమట్టం చిన్నదానికన్నా ఎత్తులో ఉంటే, కుళాయి నీళ్లు ఆ చిల్లుగుండా బాయిలర్ వైపు దూరి, చిన్న ట్యాంకులోకి ఎక్కి పొంగుతాయి. చిన్నదే ఎత్తులో ఉంటే కథ తిరగబడి రేడియేటర్ల మురికి నీళ్లు కుళాయిల్లోకి వస్తాయి, పెద్ద ట్యాంకు పొంగుతుంది. ఇది రూఢి చేసుకోవడానికి బాయిలర్, సిలిండర్‌లో అమర్చిన కరెంటు ఇమ్మర్షన్ హీటరు రెండూ కట్టేసి, పెద్ద ట్యాంకు నుంచి సిలిండర్‌కు దిగే పైపు మీద ఎర్ర చక్రం ఉన్న గేట్ వాల్వును మూశాను. కాసేపటికి చూరు కింద కారడం ఆగింది, తెరవగానే మళ్లీ మొదలైంది. ఏళ్ల తరబడి కదలని గేట్ వాల్వు ఒక్కోసారి బిగుసుకుపోయి ఉంటుంది. దానితో కుస్తీ పడితే విరిగే ప్రమాదముంది.

పొంగేది పెద్ద ట్యాంకయితే, దాని బాల్ వాల్వు తర్వాత అనుమానించవలసింది మిక్సర్ కుళాయిని. అటక నుంచి దిగే వేడినీళ్ల ఒత్తిడి మూడు మీటర్ల ఎత్తుకు 0.3 బార్ మాత్రమే, వీధి నుంచి వచ్చే చన్నీళ్ల ఒత్తిడి దానికి ఎన్నోరెట్లు. రెండూ కలిసే చోట వెనక్కి పోనివ్వని నాన్-రిటర్న్ వాల్వు చెడితే, చన్నీళ్లు వేడినీళ్ల పైపులోకి ఎదురెక్కి, సిలిండర్ దాటి, అటక మీది ట్యాంకుదాకా చేరతాయి. సింకు కింది, షవరు వెనకాల ఐసొలేటింగ్ వాల్వులను ఒక్కొక్కటే మూసి చూస్తే దొంగ దొరుకుతాడు.

ఏ ట్యాంకులోనైనా నీళ్లు వెచ్చగా తగిలితే మాత్రం తాపీగా పరీక్షలు చేయకూడదు. పెద్ద ట్యాంకు వేడెక్కుతోందంటే ఇమ్మర్షన్ హీటరు థర్మోస్టాట్ పాడై, సిలిండర్‌లో నీళ్లు మరిగి, ట్యాంకు మీదికి తెరిచి ఉండే వెంట్ పైపు ద్వారా పైకి వస్తూ ఉండవచ్చు. వేడికి ప్లాస్టిక్ ట్యాంకు మెత్తబడి, కింద సరైన చెక్క ఆధారం లేకపోతే పైకప్పుతో సహా కూలిన ప్రమాదాల్లో ఈ దేశంలో ప్రాణాలు పోయాయి. వెంటనే ఇమ్మర్షన్ స్విచ్ కట్టేయాలి. చిన్న ట్యాంకులోకి దాని వెంట్ పైపు నుంచి వేడినీళ్లు పడుతుంటే రేడియేటర్లలో నీళ్లు తిప్పే పంపు వేగం ఎక్కువగా ఉండడమో, ఆ ట్యాంకు నుంచి నీళ్లు దిగే పైపు తుప్పు బురదతో మూసుకుపోవడమో కారణం కావచ్చు. రాగి పైపుకు అయస్కాంతం అంటుకోదు కాబట్టి, ఎక్కడైనా అంటుకుందంటే లోపల ఇనుప తుప్పు గడ్డకట్టిందన్నమాటే. ఏ పరిస్థితిలోనూ ఓవర్‌ఫ్లో పైపుకు గానీ వెంట్ పైపుకు గానీ బిరడా బిగించకూడదు. గ్యాసుకు సంబంధించిన పని గ్యాస్ పనివాళ్ల అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైనవారే చేయాలి.

చిల్లుపడిన చుట్టను అతకడం కుదిరే పని కాదు, సిలిండరే మార్చాలి. రెండోసారి వచ్చిన ప్లంబరు నా పెన్సిల్ గీతలు చూసి, గేట్ వాల్వు పరీక్ష మళ్లీ స్వయంగా చేసి చూసుకుని, అప్పుడే కొత్త సిలిండర్ తెప్పించాడు. అప్పటిదాకా రేడియేటర్లలోకి తాజా నీళ్లు, వాటితోపాటు ప్రాణవాయువు చేరుతూ ఉన్నాయి కాబట్టి, తుప్పును అడ్డుకునే ఇన్హిబిటర్ ద్రవం పూర్తిగా పలచబడిపోయి ఉంటుంది. అతను పాత నీళ్లన్నీ వదిలేసి, కొత్త ద్రవాన్ని చిన్న ట్యాంకులో పోసి, రేడియేటర్ల నీళ్లు ఖాళీచేసే కింది కుళాయి నుంచి కొద్దిగా నీళ్లు వదిలి దాన్ని లోపలికి లాగాడు. ట్యాంకులన్నీ తీసేసి కాంబీ పెట్టించుకోమని కూడా సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. మంచు కురిసే రోజున బాయిలర్ మొరాయిస్తే కాంబీ ఉన్న ఇంట్లో వేడినీళ్లు లేనట్టే, సిలిండర్ ఉన్న ఇంట్లో ఇమ్మర్షన్ స్విచ్ వేసుకుని స్నానం చేయవచ్చు.