కీ ఇచ్చే కప్ప

శాకంబరి ఉత్సవాలు కదా, భద్రకాళి గుడి వైపు జనమే జనం. హన్మకొండ చౌరస్తా దాటేసరికే ఆలస్యమైంది. ఆటిజం ఉన్న పిల్లలతో పని నాది. పరకాల నుంచి రావలసిన బాబు, వాళ్ల నాన్న నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు.

ఆయన ఫోనులో ఒక వీడియో చూపించారు. తెల్లటి చిన్న రోబో చేతులు ఊపుతోంది, ఎదురుగా ఉన్న పిల్లవాడూ ఊపుతున్నాడు. "మేడం, ఇది కొంటే మావాడికి తగ్గుతుందా?" అది 'నావో' అనే రోబో. 58 సెంటీమీటర్ల ఎత్తు, లక్షల్లో ఖరీదు. ఆటిజాన్ని తగ్గించే యంత్రం ఏదీ లేదని ముందే చెప్పేశాను. ఆ ఆశ చూపి వ్యాపారం చేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అలాగని రోబోతో ఆటను కొట్టిపారేయలేను.

మన ముఖం క్షణానికో తీరుగా మారుతుంది. కనుబొమలు, గొంతు, చేతులు అన్నీ ఒకేసారి ఏదో చెబుతుంటాయి. కొందరు పిల్లలకు అదంతా సంతలో రొదలా ఉంటుంది. బ్రిటన్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంలో 2005లో మొదలైన కాస్పర్ అనే రోబోకు అందుకే కావాలని హావభావాలు తక్కువ పెట్టారు. గట్టిగా కొడితే నొప్పి అంటుంది. ఎన్నిసార్లు కొట్టినా అదే తీరు, విసుగు లేదు. (సాయంత్రమయ్యేసరికి నాకు ఉంటుంది.)

యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ప్రచురించిన అధ్యయనంలో 12 మంది పిల్లల ఇళ్లలో నెల రోజులు రోబోను ఉంచారు. రోజూ అరగంట ఆట. నాకు నచ్చిన సంగతి, ఆ ఆటలో ఇంటి పెద్ద ఒకరు తప్పక కూర్చోవడం. బొమ్మ మీద నిలిచిన చూపు పక్కనున్న మనిషి మీదికి మళ్లాలి, అసలు పని అదే.

మా దగ్గర ఉన్నది కీ ఇస్తే గెంతే రేకు కప్ప. అది ఆగిపోగానే బాబు నా మణికట్టు పట్టుకుని కప్ప మీద పెడతాడు. ముఖం చూడడు, చెయ్యి చాలు వాడికి. ఈ రోజు కప్పను వాళ్ల నాన్న చేతికిచ్చాను. ఆయన వెంటనే కీ తిప్పబోతే ఆపాను. "వాడు చూసేదాకా ఆగండి." ఆయనకు బస్సు తొందర, గడియారం వైపు చూస్తూనే ఆగారు. బాబు ఆ చెయ్యి లాగాడు, గోరుతో గీకాడు, కప్పను తలకిందులు చేశాడు. తర్వాత తల ఎత్తాడు. కళ్ల దాకా కాదు, మీసం దాకా. చాలు! కీ తిప్పమన్నాను.

ఇంట్లో మంచినీళ్ల గ్లాసు ఇచ్చేటప్పుడూ ఇలాగే కాస్త ఆగమని చెప్పాను.

"నేను ఆగుతాను మేడం, మా అమ్మ ఆగదు. వాడు అడగకముందే అన్నీ చేతికిచ్చేస్తుంది."

వచ్చే వారం ఆమెనే వెంటబెట్టుకుని రమ్మన్నాను.