రెండు వేల మీటర్ల ఎత్తులో మొండికేసిన రాజ్మా

ఈసారీ ఉడకలేదు. పైతోలు చీలింది, రసం చిక్కబడింది, రంగు దిగింది, చూస్తే అంతా కుదిరినట్టే ఉంది. తీరా పంటి కింద పెడితే నడిమధ్యలో సుద్దముక్కలా తగిలింది. రెండు గంటల నలభై నిమిషాలు మరిగిన గింజ అది! గ్యాస్ సిలిండర్ మీద జాలేసింది.

కొండ ఊళ్ళకు వెళ్తే వంటగది ఉన్న గదే తీసుకోవడం, ఒక పూట వండుకుని ఒక పూట బయట తినడం నా అలవాటు. ఈ ట్రిప్‌లో సూప్, ఆమ్లెట్, బంగాళదుంప వేపుడు, పెనం మీద రొట్టె అన్నీ మొదటిసారికే కుదిరాయి. వాటి గురించి ఇంతకన్నా రాయడానికేం లేదు. రాయాల్సిందల్లా రాజ్మా గురించే.

ముందు లెక్కలు. ఊరి ఎత్తు 2,050 మీటర్లు. థర్మామీటర్‌ను ఐసు నీళ్ళలో పెట్టి సున్నా చూసుకున్నాక, బాగా తెర్లుతున్న నీళ్ళలో ముంచితే 93.1 డిగ్రీలు చూపించింది. ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి 300 మీటర్లకు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది కాబట్టి రావలసిందీ దాదాపు అంతే. ఇక్కడ మంట ఎంత పెంచినా నీళ్ళు ఆ 93 దాటవు, ఆవిరై పోతాయంతే. "హై మీద పెట్టు, ఉడుకుతుంది" అనే సలహా ఇచ్చేవాళ్ళు ఒకసారి థర్మామీటర్ ముంచి చూడాలి.

మూత మీద బరువు పెట్టమన్న సలహా కూడా విన్నాను. లెక్క వేశాను. నా గిన్నె మూత 22 సెంటీమీటర్ల వెడల్పు. దాని మీద రెండు కిలోల రాయి పెడితే లోపల పెరిగే ఒత్తిడికి మరిగే వేడి 0.2 డిగ్రీ కూడా పెరగదు. నీళ్ళలో ఉప్పు వేస్తే మరిగే వేడి పెరుగుతుందన్న మాట నిజమే, కానీ లీటరుకు పది గ్రాములు వేస్తే పెరిగేదీ అంతే. రాయి పక్కన పెట్టేశాను. ఉప్పు మాత్రం ఉంచాను, దానికి వేరే కారణం ఉంది.

తప్పంతా వేడిదే అనుకుంటే కథ ఇక్కడితో అయిపోయేది. కానీ అదే గిన్నెలో, అవే నీళ్ళలో, అదే 93 డిగ్రీల దగ్గర మసూర్ పప్పు ముప్పై అయిదు నిమిషాలకు మెత్తగా అయిపోయింది. పప్పు చిన్నది, తోలు తీసింది, రెండు బద్దలుగా చీల్చింది, నిజమే. అయినా ఒకటి ముప్పై అయిదు నిమిషాల్లో అయిపోయి, ఇంకోటి మూడు గంటలకు దగ్గరపడినా లొంగకపోతే వేడితో పాటు ఇంకేదో ఉండాలి.

రెండో అనుమానం నానడం మీద. తూకం వేస్తే ఇక్కడే పట్టు దొరికింది. వంద గ్రాముల ఎండు రాజ్మా బాగా నానితే దాదాపు రెండు వందలకు రావాలి. రాత్రంతా, పన్నెండు గంటలు నానబెట్టి, నీళ్ళు వార్చి తూచితే 164 గ్రాములే. వంటగదిలో రాత్రి 9 డిగ్రీలు. చల్లటి నీళ్ళను గింజ చాలా నెమ్మదిగా పీలుస్తుంది. మామూలు వంటల పుస్తకాల్లో "రాత్రంతా" అని ఉంటే అది వెచ్చటి వంటగది రాత్రి అని చదువుకోవాలి. మర్నాడు 45 డిగ్రీల నీళ్ళు పోసి థర్మోస్ ఫ్లాస్కులో నాలుగు గంటలు ఉంచితే 198 గ్రాములు వచ్చింది. పండగ చేసుకున్నాను.

పండగ ఎక్కువసేపు నిలవలేదు. ఆ 198 గ్రాముల గింజల్ని ఉడకబెడితే చాలావరకు మెత్తబడ్డాయి, కొన్ని మాత్రం పాత పాటే పాడాయి. ఒక ముద్దలో నాలుగు మెత్తటివి, ఒకటి గట్టిది. అన్నీ గట్టిగా ఉన్నా నయమే, ముందే సిద్ధపడి తింటాం. ఇలా మధ్యలో ఒకటి తగలడమే చిరాకు.

మూడో అనుమానం నీళ్ళు. గింజ కణాల్ని అంటించి ఉంచేది పెక్టిన్. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే పెక్టిన్ ఇంకా బిగుసుకుంటుంది. గది కుళాయి నీళ్ళకు టీడీఎస్ మీటర్ 310 చూపించింది. అందులో కాల్షియం వాటా ఎంతో ఆ మీటర్ చెప్పదు, కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా వేస్తుందంతే. కెటిల్ అడుగున తెల్లటి పొర కట్టింది కాబట్టి కఠిన జలమే అని నా నమ్మకం. సగం గింజలు కుళాయి నీళ్ళలో, సగం 40 టీడీఎస్ బాటిల్ నీళ్ళలో, ఒకే సమయానికి రెండు స్టవ్‌ల మీద పెట్టాను. గంటన్నరకు బాటిల్ నీళ్ళ గిన్నెలో తేడా స్పష్టంగా ఉంది, తోలు వేళ్ళ మధ్య నలిగిపోతోంది. కానీ గట్టి గింజలు అందులోనూ ఉన్నాయి.

ఉప్పు సంగతి ఇక్కడికొస్తుంది. ఉప్పు వేస్తే గింజ ఉడకదని పెద్దవాళ్ళు చెప్పే మాట నానబెట్టే నీళ్ళ విషయంలో తిరగబడుతుంది. ఉప్పులోని సోడియం తోలులోని కాల్షియాన్ని తోసేసి దాని చోటు తీసుకుంటుంది, తోలు వదులవుతుంది. లీటరుకు 15 గ్రాములు వేసి నానబెట్టాక తోలు చీలడం బాగా తగ్గింది. సోడా కూడా ప్రయత్నించాను, లీటరుకు పావు చెంచా. తోలు కరిగిపోయింది, రసం సబ్బు వాసన వేసింది, గట్టి గింజ నడిమి మాత్రం అలాగే ఉంది. సోడా వేస్తే థయామిన్ (విటమిన్ బి1) కూడా పోతుంది. నా వంటగదిలో దానికిక చోటు లేదు. టమాటా, చింతపండు లాంటి పులుపు గింజ ఉడికేదాకా దగ్గరికి రానీయకూడదన్నది అందరికీ తెలిసిందే.

ఇక మిగిలింది సరుకు. యాభై గింజలు లెక్కపెట్టి వెచ్చటి నీళ్ళలో నానబెడితే తొమ్మిది అసలు ఉబ్బలేదు. నీళ్ళు లోపలికి పోని గట్టి తోలు గింజలవి. అవి తీసేసి మిగతా నలభై ఒకటి ఉడకబెట్టినా రెండు మూడు నడిమిలో గట్టిగానే మిగిలాయి. రాజ్మాను వేడిగా, తేమగా ఉన్న చోట నెలల తరబడి నిల్వ చేస్తే ఎంత నానినా ఉడకని గుణం వస్తుంది. ఈ ప్యాకెట్ కొండ ఎక్కే ముందు కింద ఏ గోదాములో ఎన్ని వర్షాకాలాలు గడిపిందో. ప్యాకింగ్ తేదీ వేస్తారు గానీ పంట తేదీ ఎవరూ వేయరు. ప్రస్తుతానికి నా లెక్క ప్రకారం సగం నేరం పాత గింజది, పావు చల్లటి నీళ్ళలో నానడానిది, మిగతా పావు నీళ్ళు, ఎత్తు పంచుకోవాలి. ఇది ఊహే, రుజువు చేయడానికి కొత్త పంట గింజ కావాలి.

గట్టి గింజను ఏదోలా తినేద్దామనుకునే వాళ్ళకు ఒక మాట. రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ (ఒక రకం ప్రోటీన్) ఉంటుంది. పచ్చి గింజలు నాలుగైదు తిన్నా గంట నుంచి మూడు గంటల్లో వాంతులు మొదలవొచ్చు. 80 డిగ్రీల దగ్గర నిదానంగా ఉడికిస్తే విషం పచ్చిదానికన్నా పెరుగుతుందని కూడా తేలింది. కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, వంద డిగ్రీల దగ్గర ముప్పై నిమిషాలు మరిగించమని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సూచన. ఆ వంద డిగ్రీలు ఇక్కడ మూత లేని గిన్నెలో రావు కదా. అందుకే నడిమి గట్టిగా ఉన్న గిన్నెలన్నీ పారబోశాను, ఆకలితో బయటికి నడిచాను. స్లో కుక్కర్‌లో రాజ్మా మాత్రం కొండ మీదే కాదు, ఎక్కడా వద్దు.

ఈ గొడవ కొత్తదేం కాదు. 1835 మార్చిలో చార్లెస్ డార్విన్ ఆండీస్ దాటుతూ ఒక రాత్రి బంగాళదుంపలు ఉడకబెట్టించాడు. గంటలు మరిగినా ఉడకలేదు. గిన్నెను రాత్రంతా నిప్పు మీదే ఉంచి, పొద్దున మళ్ళీ మరిగించినా అంతే. ఈ పాడు కొత్త గిన్నెకు దుంపలు ఉడికించడం ఇష్టం లేదని తోటివాళ్ళు తేల్చేశారట. నేనూ గిన్నెనే అనుమానించాను కొంతసేపు. టైటానియం గిన్నె తేలికే గానీ మంట తగిలిన చోట మాడుతుంది, మిగతా చోట చల్లగా ఉంటుంది. దుంప గింజలకు మందపాటి అడుగున్న స్టీలు గిన్నెకు మించింది లేదు.

బయట తినడం దగ్గరికొస్తే, ఈ లెక్కలన్నీ హోటల్ ఎంచుకోవడానికి బాగా పనికొస్తున్నాయి. కొండ ఊళ్ళో అందరూ కిటికీ, లోయ చూసి కూర్చుంటారు. నేను వంటగది చూస్తాను. పెద్ద ప్రెషర్ కుక్కర్ చప్పుడు వినిపిస్తే గింజల కూర, మాంసం కూర ధైర్యంగా చెప్పొచ్చు. డ్రైవర్లు తినే చోట ఇవి దాదాపు ఎప్పుడూ బాగుంటాయి, ఎందుకంటే వాళ్ళకు గట్టి గింజ పెట్టి రెండో రోజు నిలబెట్టుకోవడం కుదరదు. ఆ రోజు బస్టాండ్ పక్కన తిన్న రాజ్మా నోట్లో పెట్టగానే కరిగింది. కొత్త గింజ, ముందురోజు రాత్రే కుక్కర్‌లో ఉడికించి పెట్టుకుంటామని వడ్డించినాయనే చెప్పాడు.

రోప్‌వే ఎక్కి పైనున్న రెస్టారెంట్‌లో తినాలనుకుంటే వేపుళ్ళు, కాల్చినవి, గుడ్లు చెప్పండి. ఆరు వందల మీటర్లు పైకి పోతే మరిగే వేడి ఇంకో రెండు డిగ్రీలు పడుతుంది. అక్కడ పాస్తా, అన్నం అడిగితే పైన జిగురు, లోపల పలుకు. వేపుడికీ చిక్కు లేకపోలేదు. నూనె వేడి ఎంతకైనా పోతుంది గానీ ముక్కలోని నీళ్ళు తక్కువ వేడికే ఆవిరవుతాయి, అందుకని పైన మాడి లోపల పచ్చిగా మిగిలే ప్రమాదం ఉంది. తెలిసిన వంటవాళ్ళు మంట కాస్త తగ్గించి ఎక్కువసేపు వేయిస్తారు. ఒక చికెన్ ముక్క విరిచి చూస్తే వంటవాడి అనుభవం తెలిసిపోతుంది. కేకు మధ్యలో కుంగి ఉంటే ఆ బేకరీ కింది ఊరి కొలతలు మార్చలేదని అర్థం. ఎత్తులో బేకింగ్ పౌడర్ తగ్గించాలి, ఓవెన్ వేడి కొంచెం పెంచాలి.

టీ నాకు కొండ మీద ఎప్పుడూ నీరసంగానే అనిపిస్తుంది, బ్లాక్ టీకి ఇంకా వేడి నీళ్ళు కావాలి. కాఫీ మాత్రం అదృష్టవంతురాలు. పోర్ ఓవర్ కాఫీకి (పొడి మీద వేడి నీళ్ళు పోసి వడకట్టేది) 90 నుంచి 96 డిగ్రీలు సరిపోతాయి కాబట్టి మరుగుతున్న నీళ్ళు నేరుగా పోసేయొచ్చు, చల్లారే దాకా కాచుకునే పని లేదు.

గదిలోనూ ఒక కుక్కర్ ఉంది. గాస్కెట్ రబ్బరు అరిగి అంచుల్లోంచి ఆవిరి బుస్సుమంటుంటే ఒత్తిడి ఎక్కడ నిలుస్తుంది? అందుకే మామూలు గిన్నెలో ఇంత పోరాటం. మంచి కుక్కర్ వాతావరణం ఒత్తిడి మీద ఇంకో 15 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) నిలుపుతుంది. సముద్రమట్టం దగ్గర లోపల 121 డిగ్రీలొస్తాయి, ఈ ఎత్తులో సుమారు 117. నాలుగు డిగ్రీలు పోయినా 93 కన్నా ఎక్కడికో వెళ్ళిపోయాం. ఎత్తుకు తగ్గట్టు సమయం మాత్రం పెంచాలి. 600 మీటర్లు దాటాక ప్రతి 300 మీటర్లకు అయిదు శాతం అన్నది చెప్పుకునే లెక్క, అంటే ఇక్కడ దాదాపు పాతిక శాతం. వచ్చేసారి నా హాకిన్స్ మూడు లీటర్లది బ్యాగులో పెట్టుకుని పోతాను. లోపలికి బిగిసే మూత మీద నాకు నమ్మకం ఎక్కువ, ఒత్తిడి ఉన్నంతసేపు అది ఊడి రాదు. బయటి మూత కుక్కర్లు కడగడానికి తేలికని వాదించే వాళ్ళతో నేను వాదించను.

బరువు తగ్గించుకోవడానికి ట్రాంజియా స్పిరిట్ స్టవ్ ఇంట్లో వదిలేస్తున్నాను. చప్పుడు చేయదు, చెడిపోదు, టీకి దానంత హాయి లేదు, కానీ కుక్కర్‌ను ఒత్తిడికి తేవడానికి దాని మంట చాలదు. గ్యాస్ క్యాన్‌లో మాత్రం మామూలు బ్యూటేన్ కాకుండా ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపింది చూసి కొనాలి. బ్యూటేన్ సున్నా దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, తెల్లవారుజామున బాల్కనీలో స్టవ్ వెలిగించాలంటే అది కుదరదు.

వచ్చేసారి ప్లాన్ ఇది: ఈ ఏడాది పంట గింజ అరకిలో, ఇప్పటి ప్యాకెట్లో మిగిలింది అరకిలో, రెండూ వేర్వేరు గుడ్డ సంచుల్లో. 45 డిగ్రీల ఉప్పు నీళ్ళలో నాలుగు గంటలు, బాటిల్ నీళ్ళలో కుక్కర్, 117 దగ్గర పది నిమిషాలతో మొదలుపెట్టి రెండేసి నిమిషాలు పెంచుతూ పోవడం. పాత గింజ అక్కడా లొంగకపోతే దాన్ని వదిలేసి శనగలతో మొదలుపెడతాను.