ఓడినా రేపు ఆట ఉంటుంది

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రపు హార్ట్‌ఫర్డ్‌లో నవంబరు చివరికి వచ్చేసరికి సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. అది థాంక్స్‌గివింగ్ వారం కావడంతో మా అంతస్తులో సోమవారం నాడే సగం దీపాలు వెలగలేదు. అవి మనిషి కదిలితే వెలిగే రకం. కదలడానికి మనుషులు ఉండాలి కదా. ఊళ్ళకు విమానాలెక్కేవాళ్ళు ఎక్కేశారు. కాంట్రాక్టువాళ్ళం మిగిలాం. మాకు ఆ పండగకు వెళ్ళడానికి అత్తవారిల్లు లేదు, కోయడానికి టర్కీ కోడి లేదు. అందుకని ఆ వారం ఆన్‌కాల్ డ్యూటీ, అంటే ఏ వేళ ఫోను మోగినా పని అందుకునే బాధ్యత, ఏటా మనవాళ్ళ మీదే పడుతుంది. ఎవరూ బలవంతపెట్టరు. షెడ్యూలు వేసే మీటింగులో అందరూ ఒక్కసారిగా మౌనం వహిస్తారు. ఆ మౌనం భరించలేక ఎవరో ఒక తెలుగువాడు "నేను చూసుకుంటాను" అంటాడు. 2024లో ఆ తెలుగువాణ్ణి నేను.

నేను పనిచేసేది ఒక బీమా కంపెనీకి, మధ్యలో ఒక కన్సల్టెన్సీ. మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ల మీద పని. ఇక్కడి పాలసీల లెక్కలు నాకంటే వయసులో పెద్దవైన, కోబాల్ అనే పాత భాషలో రాసిన ప్రోగ్రాముల మీద ఇంకా నడుస్తున్నాయి. వాటిలో కొన్నింటిని రాసిన మనిషి నా పక్క సీట్లోనే కూర్చునేది. అరవై దాటిన పెద్దావిడ. పేరు పెట్టి పిలవమని మొదటిరోజే చెప్పింది. తల నెరిసిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు ఆరు నెలలపాటు నోరు రాలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడి, ఆవిడ తలెత్తేదాకా ఎదురుచూసేవాణ్ణి.

ఆవిడకు గుడి అంటూ ఏదైనా ఉంటే అది యూకాన్ బాస్కెట్‌బాల్. ఈ ఊళ్ళో వేలర్స్ అని ఒక హాకీ జట్టు ఉండేది. 1997లో అది నార్త్ కరోలినాకు తరలిపోయింది. ఆ తరువాత ఊరి అభిమానమంతా స్టోర్స్‌లోని కనెక్టికట్ విశ్వవిద్యాలయం, అంటే యూకాన్, జట్ల మీదకు మళ్ళిందని ఆవిడ లెక్క. మగపిల్లల జట్టు 2023, 2024లలో వరుసగా జాతీయ విజేత. ఆ గెలుపుల వేడి ఇంకా చల్లారకముందే మావీ ఇన్విటేషనల్ అనే కాలేజీ బాస్కెట్‌బాల్ పోటీ వచ్చింది.

సీజన్ మొదట్లో జరిగే ఇలాంటి పోటీలు చాలానే ఉన్నాయి కానీ మావీకి ఉన్న మర్యాద వేరు. హవాయి దీవుల్లో మావీ, అక్కడ లహైనా పట్టణం, అందులో రెండువేల నాలుగువందల మంది పట్టే చిన్న హాలు. ఇక్కడ వేలమంది ముందు ఆడే జట్లు అక్కడ మన ఊరి కల్యాణమండపమంత చోట ఆడతాయి. ఎనిమిది జట్లు, మూడు రోజులు. పిలుపు ఉంటేనే వెళ్ళాలి.

అసలు ఈ పిలుపుల వెనుక కథను ఆవిడ పులిహోర తింటూ చెప్పింది. (పులిహోర నాది. చేతితో తినమంటే ఫోర్కుతోనే తిన్నది, పోపులో మిరపకాయను మాత్రం చేత్తో తీసి పక్కన పెట్టింది.) 1982 డిసెంబరు 23న దేశంలో మొదటి ర్యాంకు జట్టు వర్జీనియా, జపాన్‌లో ఆడి తిరిగొస్తూ హవాయిలోని హోనొలులులో ఆగిందట. ఏడడుగుల నాలుగంగుళాల రాల్ఫ్ శాంప్సన్ ఆ జట్టు మూలస్తంభం. ఎదురుగా చామినేడ్ అని ఎవరూ వినని ఒక చిన్న కాలేజీ. పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం అనుకున్నారు అంతా. చామినేడ్ 77-72తో గెలిచింది. ఆ పేరు చూసుకునే 1984లో చామినేడ్ ఆతిథ్యంలో మావీ పోటీ మొదలైంది. విచిత్రం ఏమిటంటే, 2024లో ఆడిన ఎనిమిది జట్లలో ఆ చామినేడే లేదు. పందిరి వేసినవాళ్ళకే పంక్తిలో విస్తరి లేదన్నమాట.

విస్తరి అంటే గుర్తొచ్చింది. అంతకు ముందు వారం మా అంతస్తులో థాంక్స్‌గివింగ్ విందు జరిగింది. పిలుపు ఉద్యోగులకు మాత్రమే. కాంట్రాక్టువాళ్ళను తమ మనుషుల్లా చూసుకుంటే, రేపు వీళ్ళు చట్టం ప్రకారం మేమూ ఉద్యోగులమేనని దావా వేస్తారేమోనని లాయర్ల భయం. నాకు కోపం రాలేదని చెప్పను. మూడు వరుసల అవతల నవ్వులు వినబడుతుంటే హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఏ పాటా పెట్టకుండా కూర్చున్నాను. సాయంత్రం చూస్తే నా కీబోర్డు పక్కన అల్యూమినియం రేకు కప్పిన కాగితం పళ్ళెం, అందులో చిలగడదుంప, మొక్కజొన్న రొట్టె. ఎవరు పెట్టారో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. సోమవారం నేను పులిహోర తెచ్చింది అందుకే.

ఆ సోమవారం మధ్యాహ్నం యూకాన్‌కు మెంఫిస్‌తో మొదటి ఆట. హవాయిలో అప్పుడు పొద్దున. ఆవిడ పాత జాబ్ లాగ్ కాగితం వెనక్కి తిప్పి పెన్సిలుతో గీతలు గీసి, ఎనిమిది జట్ల పేర్లు రాసింది: ఆబర్న్, అయోవా స్టేట్, నార్త్ కరోలినా, డేటన్, కొలరాడో, మిషిగన్ స్టేట్, మెంఫిస్, యూకాన్. గెలిచినవాళ్ళకు కుడివైపు కొమ్మలు గీసింది, సరే. ఎడమవైపు కూడా గీస్తుంటే అవెందుకని అడిగాను.

"ఓడినవాళ్ళకు. ఇక్కడ ఎవరూ మొదటిరోజే ఇంటికి వెళ్ళరు. ఓడినా రేపు ఆట ఉంటుంది. అందరికీ మూడు ఆటలు."

నాకు తెలిసిన టోర్నమెంటు మార్చిలో జరిగే జాతీయ కాలేజీ పోటీ. అందులో ఒక్కసారి ఓడితే పెట్టె సర్దుకోవడమే. మార్చిలో మా ఆఫీసులో ప్రతివాడూ బ్రాకెట్లు, అంటే ఎవరు గెలుస్తారో ఊహించి రాసే పట్టికలు, నింపుతూ, అరవై ఎనిమిది జట్లలో ఎవరు నిలుస్తారో పందాలు కాసుకుంటూ ఉంటే నాకు ఆ నెల వేరే లాటరీ ఉండేది. హెచ్‌-1బి రిజిస్ట్రేషన్లు పెట్టేదీ మార్చిలోనే. ఉన్న వీసాలు ఏడాదికి ఎనభై ఐదు వేలు, అడిగేవాళ్ళు లక్షల్లో. చదువైపోయాక టెక్నాలజీ డిగ్రీలవాళ్ళకు ఇచ్చే మూడేళ్ళ గడువులో నాకు ఆ చీటీ మూడుసార్లు వేశారు. మొదటి రెండుసార్లు రాలేదు. ఆ రెండో ఏడు నేను మొహం వేలాడేసుకుని కూర్చుంటే, "ఏ జట్టు మీద పెట్టావు?" అని ఆవిడ ఎంతో సానుభూతిగా అడిగింది. నిజం చెప్పడానికి ఓపిక లేక "కాన్సాస్" అన్నాను. చాలాకాలం నన్ను కాన్సాస్ అభిమాని అనుకుంది పాపం.

యూకాన్ అప్పటికి రెండో ర్యాంకు, వరుసగా పదిహేడు గెలుపుల మీద ఉంది. మెంఫిస్ దాన్ని ముప్పుతిప్పలు పెట్టింది. చివరి క్షణాల్లో సోలో బాల్ అనే యూకాన్ కుర్రాడు వేసిన మూడు పాయింట్ల షాటుతో స్కోరు సమమై ఆట ఓవర్‌టైమ్‌కు, అంటే అదనపు సమయానికి, వెళ్ళింది. ఆవిడ కుర్చీలోంచి లేచింది. మా వరుస దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. జాబ్ అబెండ్ అయింది, అంటే మెయిన్‌ఫ్రేమ్ మీద నడుస్తున్న లెక్కల పని మధ్యలో ఆగిపోయింది. ఎస్‌-జీరో-సి-సెవెన్. ఈ పనిలో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు: అంకె ఉండవలసిన చోట ఇంకేదో వచ్చి కూర్చుంది, ప్రోగ్రాము కూడబోయి కూలబడింది.

డంప్, అంటే ఆగిన క్షణంలో కంప్యూటరు మెమరీ నకలు, తెరిచాను. నేను రికార్డుల మధ్య ఆ ఒక్క రికార్డును వెతుకుతుంటే పక్కనుంచి కామెంటరీ.

"92-92. నిమిషం కూడా లేదు."

ప్రీమియం గడిలో అంకెలకు బదులు ఖాళీలు. దొరికింది.

"ఫౌల్! మావాడి మీదే ఇచ్చారు. అయ్యో, కోచ్ నేలమీద పడుకున్నాడు."

"దెబ్బ తగిలిందా?"

"లేదు, కోపం."

ఆ కోచ్ డాన్ హర్లీ గురించి వినడమే కానీ ఆ దృశ్యం నేను తరువాత చూశాను. నడివయసు మనిషి, రెండు జాతీయ టైటిళ్ళు గెలిచినవాడు, గిట్టని నిర్ణయానికి బొమ్మ కొనివ్వని పిల్లవాడిలా వెల్లకిలా పడ్డాడు. రెఫరీ ఆ ప్రవర్తనకు టెక్నికల్ ఫౌల్ ఇచ్చాడు. మెంఫిస్ కుర్రాడు పీజే కార్టర్ ఆ ఫౌళ్ళకు దక్కిన నాలుగు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డుపడని షాట్లు, వరుసగా వేశాడు. అంతటితో ఆట చేజారింది. కాంట్రాక్టువాడు ఎవడైనా మీటింగులో అలా పడుకుంటే ఏమవుతుందో ఊహించుకుని నవ్వుకున్నాను. ఉద్యోగం పోయిన రోజు నుంచి అరవై రోజుల్లో కొత్తది వెతుక్కోవాలి, లేదా దేశం వదలాలి. నేలమీద పడుకోవడానికి కూడా హోదా ఉండాలి.

డేటా దిద్దడానికి ఉద్యోగి అనుమతి కావాలి. ఆవిడ తెర మీదనుంచి చూపు తిప్పకుండానే ఎడమ చేత్తో నా అభ్యర్థనను ఆమోదించింది. జాబ్ మళ్ళీ మొదలుపెట్టాను. 99-97. ఎడమవైపు కొమ్మమీద యూకాన్ అని రాసేటప్పుడు పెన్సిలు ములుకు విరిగింది.

మంగళవారం కొలరాడో చేతిలో ఒకే ఒక్క పాయింటు తేడాతో, 73-72. ఆ రోజు మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. ఆవిడ బల్లమీద ఒక ఫొటో ఉంటుంది: 2010లో కెంబా వాకర్ ఆడిన యూకాన్ జట్టు మావీ గెలిచిన ఏడు, ఆవిడా భర్తా లహైనా మర్రిచెట్టు కింద. 1873లో నాటిన చెట్టు అది. 2023 ఆగస్టు మంటల్లో ఆ పట్టణం బూడిదైంది, వందమందికి పైగా చనిపోయారు. ఆ ఏడు పోటీ హోనొలులులో పెట్టారు; లహైనాకు తిరిగి రావడం ఈసారే. మర్రి మాడింది కానీ చిగురు వేసిందని చెప్పి, ఫొటో అద్దం చున్నీతో తుడిచింది.

నేను యూకాన్‌లో శాంసన్ జాన్సన్ ఆటనే ఎక్కువగా చూశాను. టోగో దేశపు కుర్రవాడు. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరుమీద ప్రకటనలు చేసి సంపాదించుకోవచ్చు, కానీ విద్యార్థి వీసామీద వచ్చినవాళ్ళకు ఆ దారి దాదాపు మూసే ఉంది. వారానికి ఇరవై గంటల క్యాంపస్ పని తప్ప చేయరాదన్న నిబంధనతో నేను యూనివర్సిటీ క్యాంటీన్‌లో గిన్నెలు కడిగాను. ఆ నిబంధన దాదాపు ఏడడుగుల ఆటగాడికీ మినహాయింపు ఇవ్వదని తెలిసినప్పుడు, ఎందుకో నాకు కొంచెం ఊరట కలిగింది. మంచి బుద్ధి కాదు, కానీ కలిగింది.

బుధవారం ఆవిడ సెలవు. నేను ఇంట్లో, అన్నం కుక్కరు పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆన్‌కాల్‌లో ఉన్నాను. ఆబర్న్ మెంఫిస్‌ను ఓడించి కప్పు పట్టుకుపోయింది. యూకాన్ డేటన్‌తోనూ ఓడింది, మూడుకు మూడు. ఆవిడ దగ్గరనుంచి మెసేజ్ వచ్చింది. "85-67" అని ఒక వరుస. దాని కింద, "నీ జాబ్ ఎలా ఉంది?"

తెర చూశాను. "నడుస్తోంది" అని కొట్టి పంపించాను.