పేరు ఒకటే, ప్రొవైడర్లు రెండు: జావాలో ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎన్‌క్రిప్షన్‌తో నా అనుభవం

చెల్లింపుల వివరాలున్న ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుకి డిజిటల్ సంతకం చేసి, ఎన్‌క్రిప్ట్ చేసి ఒక బ్యాంకుకి పంపాలి. హైదరాబాద్‌లోని మా ఆఫీసులో నాకు అప్పగించిన పని ఇదే. సంతకానికి కావలసిన ప్రైవేట్ కీ యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. రెండు వారాల్లో ఇస్తానని మాట ఇచ్చాను. ఐదు వారాలు పట్టింది. అందులో మూడు వారాలు ఒకే ఒక్క తప్పు వెతకడానికి పోయాయి.

సంతకం భాగం ముందు చెప్పేస్తాను. ఎక్స్‌ఎమ్‌ఎల్ సంతకాల ఏపీఐ జావా 6 నుంచి జావా డెవలప్‌మెంట్ కిట్ (జేడీకే)లోనే ఉంది. టోకెన్‌తో మాట్లాడటానికి సన్‌పీకేసీఎస్11 అనే ప్రొవైడర్ ఉంది. ప్రొవైడర్ అంటే జావాలో సంతకం, ఎన్‌క్రిప్షన్ లాంటి పనులు నిజంగా చేసిపెట్టే భాగం. టోకెన్ డ్రైవర్ ఎక్కడుందో రాసిన చిన్న కాన్ఫిగ్ ఫైలు దానికి ఇవ్వాలి. జావా 9 నుంచి ఈ ఫైలుని ‘కాన్ఫిగర్’ అనే మెథడ్‌కి ఇస్తాం. ఆ మెథడ్ మనకి కొత్త ప్రొవైడర్‌ని తిరిగి ఇస్తుంది. నేను దాన్ని తీసుకోకుండా పాతదాన్నే వాడుతూ ఒక రోజంతా తిప్పలు పడ్డాను.

తర్వాత ‘ఇది ఆర్‌ఎస్‌ఏ ప్రైవేట్ కీ కాదు’ అని ఎర్రర్. సంతకం చేసే చోట బౌన్సీ కాసిల్ అనే మరో ప్రొవైడర్ పేరు నేనే రాసి ఉంచాను. టోకెన్‌లోని కీ బయటికి రాదు, జావా చేతిలో ఉండేది దాని ఆనవాలు మాత్రమే. దానితో బౌన్సీ కాసిల్ ఏమీ చేయలేదు. ప్రొవైడర్ పేరు తీసేస్తే, ఆ కీని వాడగలిగిన ప్రొవైడర్‌ని జావానే వెతుక్కుంది. ఇంకో మాట: సంతకం అయ్యాక ఫైలుని అందంగా కనిపించడానికి ఇండెంట్ చేయకండి. ఒక్క ఖాళీ చేరినా సంతకం చెల్లదు.

అసలు కష్టం ఎన్‌క్రిప్షన్‌తో మొదలైంది. సంతకాలకి ఉన్నట్టు ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎన్‌క్రిప్షన్‌కి జేడీకేలో ఏపీఐ లేదు. అందరూ అపాచీ శాంటువారియో అనే లైబ్రరీ వాడతారు. మా దగ్గర కొత్త లైబ్రరీకి అనుమతి రావడం ఆలస్యమైంది. ఆగలేక ఆ భాగం నేనే రాశాను. డేటాని ఎన్‌క్రిప్ట్ చేయడానికి ఏఈఎస్-256 (జీసీఎమ్ పద్ధతిలో), ఆ ఏఈఎస్ కీని మూయడానికి బ్యాంకు పబ్లిక్ కీతో ఆర్‌ఎస్‌ఏ. ఆర్‌ఎస్‌ఏకి ముందు డేటాకి అదనపు బైట్లు చేర్చే ప్యాడింగ్ పద్ధతి ఓఏఈపీ. 2011లో యాగర్, సొమొరోవ్‌స్కీ అనే పరిశోధకులు సీబీసీ అనే మరో పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసిన ఎక్స్‌ఎమ్‌ఎల్‌ని ఛేదించి చూపించారు. 2013లో వచ్చిన ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎన్‌క్రిప్షన్ 1.1 ప్రమాణంలో జీసీఎమ్ చేరింది. కాబట్టి జీసీఎమ్ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

నా లాప్‌టాప్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలు బ్యాంకు వాళ్ల దగ్గర చక్కగా తెరుచుకుంది. టెస్ట్ సర్వర్ నుంచి పంపినది తెరుచుకోలేదు. కోడ్ అదే, సర్టిఫికెట్ అదే. వాళ్ల వైపు ‘ప్యాడింగ్ తప్పు’ అని తప్ప ఇంకేమీ రాలేదు. అంతకు మించి చెప్పకూడదు కూడా. ఓఏఈపీలో ఏ దశలో తప్పిందో బయటికి తెలిస్తే దాడి చేయవచ్చని మ్యాంగర్ అనే పరిశోధకుడు 2001లోనే చూపించాడు. అది న్యాయమే, కానీ ఆ మూడు వారాలు నాకు నిద్ర లేదు. సర్టిఫికెట్ మళ్లీ తెప్పించాను, బేస్64 లైన్లు పోల్చాను, జావా వెర్షన్లు మార్చాను.

చివరికి పక్క టీమ్‌లో ఒక అన్న నా స్క్రీన్ చూసి, “తమ్ముడూ, ఆ సైఫర్ ఏ ప్రొవైడర్ నుంచి వస్తుందో ప్రింట్ చేశావా?” అన్నాడు. చేయలేదు. చేసి చూస్తే లాప్‌టాప్‌లో జావాతో పాటే వచ్చే సన్‌జేసీఈ, సర్వర్‌లో బౌన్సీ కాసిల్. అదే సర్వర్‌లో నడిచే మరో మాడ్యూల్ బౌన్సీ కాసిల్‌ని ప్రొవైడర్ల జాబితాలో మొదటి స్థానంలో పెట్టింది, అందుకే జావా దాన్నే ఎంచుకుంది.

ఓఏఈపీలో హాష్ (డేటా నుంచి లెక్కించే చిన్న ముద్ర; షా-1, షా-256 దాని రకాలు) రెండు చోట్ల వస్తుంది: ఒకటి ప్రధాన హాష్, రెండోది ఎమ్‌జీఎఫ్1 అనే మాస్క్ తయారీలో వాడేది. నేను రాసిన పేరు ‘ఓఏఈపీ విత్ షా-256 అండ్ ఎమ్‌జీఎఫ్1 ప్యాడింగ్’. ఈ పేరు చూసి సన్‌జేసీఈ ప్రధాన హాష్‌గా షా-256 తీసుకుని, మాస్క్‌కి షా-1 వాడుతుంది. బౌన్సీ కాసిల్ రెండు చోట్లా షా-256 వాడుతుంది. బ్యాంకుకి పంపే ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో మేం ప్రకటించిన ‘ఆర్‌ఎస్‌ఏ-ఓఏఈపీ-ఎమ్‌జీఎఫ్1పీ’ పద్ధతిలో మాస్క్‌కి ఎప్పుడూ షా-1నే వాడాలి. అంటే లాప్‌టాప్‌లో నా కోడ్ సరిగ్గా పనిచేయడం కేవలం అదృష్టం. ఆ సంగతి అర్థమైనప్పుడు సంతోషం కంటే భయమే ఎక్కువ వేసింది.

సవరణ నాలుగు లైన్లే. ఓఏఈపీ పారామీటర్ స్పెక్‌లో ప్రధాన హాష్ షా-256, మాస్క్ హాష్ షా-1 అని విడివిడిగా రాసి సైఫర్‌కి ఇచ్చాను. ఇక ఏ ప్రొవైడర్ వచ్చినా ఫలితం ఒకటే. ఆ సాయంత్రమే సర్వర్ నుంచి పంపిన ఫైలు తెరుచుకుందని బ్యాంకు నుంచి మెయిల్ వచ్చింది.

తర్వాత శాంటువారియోకి అనుమతి వచ్చింది, నా చేతిరాత కోడ్ తీసేశాను. రెండు టెస్టులు మాత్రం ఉంచాను: సన్‌జేసీఈతో మూసింది బౌన్సీ కాసిల్‌తో తెరవడం, బౌన్సీ కాసిల్‌తో మూసింది సన్‌జేసీఈతో తెరవడం. సర్వర్ మొదలవగానే ప్రొవైడర్ల వరుస లాగ్‌లో పడేలా కూడా ఒక లైన్ పెట్టాను.