పడని స్టాండు కోసం

సాలూరు నుంచి సుంకి మీదుగా ఘాట్ ఎక్కి ఒడిశాలోని కోరాపుట్‌లో కాపురం పెట్టాక, మా ఇంట్లో బట్టల లెక్క మారిపోయింది. దాదాపు 870 మీటర్ల ఎత్తున్న ఊరు. వానాకాలంలో నలుగురివీ నాలుగు రెయిన్‌కోట్లు, చలికాలంలో స్వెటర్లు, శాలువాలు, మామయ్యగారి మంకీ టోపీ. అద్దె ఇల్లు కాబట్టి గోడకు మేకు కొట్టడానికి లేదు.

బజారులో మూడు కాళ్ళ ఇనుప స్టాండు కొన్నాం. రెండు తడి కోట్లు ఒకే వైపు తగిలించానో లేదో, మా పాప పక్కనే ధబీమని పడింది. పాపకు దెబ్బ తగల్లేదు గానీ, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా వీధి వడ్రంగి ఒడియావాడు, తెలుగు బాగా మాట్లాడతాడు. ఆయన స్టాండును నిలబెట్టి, మూడు పాదాలనూ కలుపుతూ నేల మీద సుద్దతో త్రికోణం గీశాడు. నడిమి గొట్టం నుంచి పాదం కొసకు తొమ్మిది అంగుళాలు. రెండు పాదాల మధ్య గీత మాత్రం నాలుగున్నర అంగుళాల దూరంలోనే ఉంది. కొక్కెం ఆరంగుళాలు బయటికి వచ్చింది. “గీత దాటి బరువు వేలాడితే పడక ఏం చేస్తుందమ్మా?” అన్నాడు. అంత తేలిగ్గా అర్థమయ్యేలా నాకు ఎవరూ చెప్పలేదు.

అమ్మమ్మ మంచం విరిగితే, దాని టేకు పట్టెలు రెండూ అటక మీద దాచాను. పాత కర్ర ఇక వంకర తిరగదని ఆయన సంతోషించాడు. ఒక పట్టె అయిదున్నర అడుగుల నిలువు కర్ర అయింది. రెండోదాన్ని రెండడుగుల ముక్కలుగా కోసి, మధ్యలో సగం సగం చెక్కి, కూడిక గుర్తులా ఒకదానిలో ఒకటి కూర్చాడు. నాలుగు కాళ్ళు కావడంతో గీత నడిమి కర్ర నుంచి ఎనిమిది అంగుళాలకు పైగా దూరానికి జరిగింది.

కొక్కేలకు ఇనుము వద్దన్నాను. తడి తగిలి తుప్పు పడితే ఆ మరక ఉన్ని మీద నుంచి ఓ పట్టాన వదలదు. బొటనవేలంత లావు కర్ర ముక్కలను కొస గుండ్రంగా నునుపు చేసి, కాస్త పైకి ఏటవాలుగా బిగించాడు. స్వెటర్ మెడ దగ్గర పొడుచుకు రావడం లేదు. పాప కోసం మూడడుగుల ఎత్తులో రెండు పెట్టించాను.

ఇప్పుడు తడి కోట్లన్నీ ఒకే వైపు వేసినా కదలడం లేదు. పై కొక్కెం మామయ్యగారి టోపీది.